రెండు వందల పన్నెండు మెట్లు

శనివారం పొద్దున్న నేను మొదట వెతికేది మూతల్ని. డబ్బాలు ఎప్పుడూ దొరుకుతాయి, మూతలే దొరకవు. పళ్ళ ముక్కలకి నీలం మూత, ఉడికించిన గుడ్లకి గట్టిగా బిగిసే తెల్ల మూత. మా అత్తగారి మాత్రల డబ్బా మూత విరిగి రెండేళ్ళయింది కాబట్టి దానికి రబ్బరు బ్యాండు. నాలుగు నీళ్ళ సీసాలు, పాపకి టోపీ, ఆడపడుచు కొడుక్కి ఇంకో జత బట్టలు, ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ. సంచి నిండేసరికి మా ఆయన కారు తాళం వేలికి తగిలించుకుని తిప్పుతూ గుమ్మంలో నిలబడి ఉంటారు.

"ఇంకా ఎంతసేపు? అక్కడ ఎండెక్కిపోతుంది."

ఆ శనివారం పూల ప్రదర్శన. కారులో ఐదుగురే పడతారు. మా ఆయన, పక్కన మా అత్తగారు, వెనక పాప, ఆడపడుచు, ఆమె కొడుకు. నేను ఆరోదాన్ని. విషయం అంత సులువుగా ఉన్నప్పుడు ఎవరికీ తప్పు చేస్తున్నట్టు అనిపించదు. చాలా ఏళ్ళ కిందట ఒకసారి "ఈసారి నేనూ వస్తాను" అన్నాను. మా ఆయన నవ్వారు. "నీకు తెలీని చోటా అది? రాసిందే నువ్వు. చూసినదాన్నే మళ్ళీ ఏం చూస్తావు?" అన్నారు. "అవును వదినా, మా అందరికీ గైడువి నువ్వే" అంది ఆడపడుచు. అది మెచ్చుకోలులాగే వినిపించింది. ఎవరైనా మెచ్చుకుంటే ఎదురు చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, లోపలికి వచ్చి, వారం బట్టలు నానబెట్టుకున్నాను. ఆ తర్వాత శనివారాలన్నీ అలాగే నానాయి.

నేను ఒక పత్రికలో పనిచేస్తాను. శుక్రవారం నాడు "ఈ వారం ఊళ్ళో" అని ఒక పేజీ వస్తుంది. సెలవు రోజుల్లో ఎక్కడికి వెళ్ళొచ్చు, ఏ కొట్లో ఐస్‌క్రీమ్ బాగుంటుంది, ఏ హాల్లో నాటకం, ఏ తోటలో కచేరీ, పడవలు ఎన్నింటికి బయలుదేరతాయి. తొమ్మిదిన్నరేళ్ళుగా ఆ పేజీ నాదే. కింద పేరుండదు. పనంతా ఫోన్ మీదే జరుగుతుంది. సోమవారం ఒక్కొక్కరికే ఫోన్ చేసి "వేళలేమైనా మారాయా?" అని అడుగుతాను. "లేదు మేడమ్" అంటారు. పాత ఫైల్లోంచి ఆ చోటు తాలూకు పేరా తీసి, తారీకు మార్చి పేజీలో పెడతాను. మా డెస్కులో దీన్ని చొక్కా మార్చడం అంటారు. మనిషి పాతవాడే, చొక్కా కొత్తది. కొత్త చోటు గురించి మొదటిసారి రాసేటప్పుడు మాత్రం అవతలి మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించినట్టు మాట్లాడిస్తాను. లోపల ఏం వాసన వస్తుంది? పిల్లలు ఎక్కడ ఆగిపోతారు? దిగేటప్పుడు జనం ఏమంటారు? అన్నీ నోట్‌బుక్కులో రాసుకుంటాను. "నువ్వు రాస్తే అక్కడ నిలబడినట్టే ఉంటుందమ్మా" అంటాడు మా సంపాదకుడు. ఊరంతా తిరిగే ఉద్యోగమని పక్క సీట్లవాళ్ళకి నా మీద కాస్త అసూయ కూడా.

ఆ సోమవారం సంపాదకుడు నా బల్ల దగ్గరికి వచ్చాడు. "వచ్చే శుక్రవారానికి మన పేజీకి ఐదు వందల వారాలు. ఈసారి నీ పేరుతో రాయమ్మా. ఈ ఊళ్ళో నీకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. అక్కడ నువ్వు దిగిన ఫొటో ఒకటి వేద్దాం. గురువారం మధ్యాహ్నంలోగా ఇచ్చెయ్."

"లైట్‌హౌస్" అన్నాను, ఆలోచించకుండానే.

అరగంటలో రాసేశాను. రాయడం కూడా కాదు, గుర్తు చేసుకోవడం. గుండ్రంగా తిరుగుతూ పోయే రెండు వందల పన్నెండు మెట్లు, చేతికి అంటుకునే తుప్పు వాసన కటకటాలు. సగం దూరంలో గోడలో ఒక చిన్న కిటికీ, అక్కడ గాలికి ఉప్పు రుచి. పాపకి అప్పుడు ఐదేళ్ళు. ఆ కిటికీ కింద చతికిలబడి "నా కాళ్ళు అయిపోయాయి" అంది. నొప్పి పెడుతున్నాయనలేదు, అయిపోయాయంది. నేను దాన్ని ఎడమ భుజం మీద వేసుకుని మిగతా మెట్లన్నీ ఎక్కాను. దాని చెమట నా మెడ మీద చల్లగా ఆరింది. పైకి వెళ్ళి నిలబడగానే అది నా చెవి పట్టుకుంది. రాసింది చదువుకుంటుంటే భుజం బరువెక్కినట్టనిపించి, ఎడమ చెయ్యి కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను.

సాయంత్రం ఇంటికి వచ్చి మా ఆయన ఫోన్ తీసుకుని ఫొటోలు వెతకడం మొదలుపెట్టాను. ఎన్ని ఫొటోలని! సరస్సు, బొమ్మల ప్రదర్శన, పడవ, పుస్తకాల సంత, గాలిపటాల మైదానం. ప్రతి ఫొటోలోనూ ఎక్కడో ఒక మూల నేను సర్దినదేదో ఒకటి ఉంది. నీలం మూత డబ్బా ఉంది. పాప తలకి నేను వేసిన జడ ఉంది, పొద్దున్న గట్టిగా ఉండి, సాయంత్రానికి వదులై. నేను మాత్రం లేను. ఫొటో తీసినదాన్ని నేనై ఉంటానులే అనుకున్నాను. తర్వాత ఒక ఫొటోలో నేల మీద తీసినవాళ్ళ నీడ కనిపించింది. అది మా ఆయన నీడ.

"ఏం వెతుకుతున్నావమ్మా?" అంది పాప, నా భుజం మీదుగా వంగి. దానికిప్పుడు పదేళ్ళు.

"లైట్‌హౌస్‌లో నిన్ను ఎత్తుకున్నానే, ఆ ఫొటో."

"నన్నా? ఎవరు?"

"నేనే. కిటికీ దగ్గర కూర్చుండిపోయి కాళ్ళు అయిపోయాయన్నావు. మర్చిపోయావా?"

పాప నావైపు వింతగా చూసింది. "నువ్వు రాలేదు కదమ్మా."

"చిన్నదానివి. నీకు గుర్తుండదులే."

"నాకు బాగా గుర్తుంది. నాన్న, అత్త, నేను, బావ వెళ్ళాం. మెట్లు ఎక్కలేదు. లిఫ్ట్‌లో వెళ్ళాం. లిఫ్ట్‌లో పేద్ద అద్దం ఉంటే అత్త జుట్టు సర్దుకుంది." గంట ఎంతయిందో చెప్పినంత మామూలుగా అంది. "నువ్వు ఎప్పుడూ రావుగా."

అందులో నిందేమీ లేదు. నింద ఉంటే బాగుండేది, పట్టుకోవడానికేదో దొరికేది. పాప ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. నేను ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. మెడ మీద ఆ చెమట చల్లదనం ఇంకా ఉంది. జరగలేదని తెలిశాక కూడా ఉంది. అబద్ధమైతే తెలిసిపోవాలి కదా, ఎక్కడో అతుకు కనిపించాలి కదా. ఎక్కడా అతుకు లేదు. నా పెళ్ళిరోజు కన్నా, నా కాన్పు కన్నా స్పష్టంగా ఉంది ఆ మెట్లెక్కడం. మరి మిగతావి? పడవ అంచున చెయ్యి నీళ్ళలో పెట్టింది నేనేనా? కచేరీ మధ్యలో వాన పడితే కుర్చీ నెత్తిమీద పెట్టుకుని నవ్వుకుంటూ పరిగెత్తింది నేనేనా? ఒక్కొక్కటీ బయటికి తీసి చూస్తుంటే, ఒక్కొక్కటీ ఫోన్లో ఎవరో చెప్పిన మాటగా మారిపోయింది. చొక్కాలు అన్నీ ఉన్నాయి. లోపల మనిషి లేదు.

మంగళవారం ఆఫీసుకి వెళ్ళగానే లైట్‌హౌస్‌కి ఫోన్ చేశాను. ఎప్పుడూ అడగనిది అడిగాను.

"మెట్లా?" అన్నాడు అక్కడి ఉద్యోగి. "మెట్లు మూసేసి ఏడేళ్ళయింది మేడమ్. లిఫ్టేగా ఇప్పుడు. మీ పేపర్లో మెట్లని పడినప్పుడల్లా మేం నవ్వుకుంటాం."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"మీరు అడిగేది వేళలేగా మేడమ్. వేళలు మారలేదు."

అడుగు సొరుగులోంచి పాత నోట్‌బుక్కు తీశాను. మొదటి ఏడాదిది. నా చేతిరాతే. "కాపలాదారు చెప్పినవి: సగంలో కిటికీ. ఉప్పు గాలి. ఆయన కూతురు అక్కడే చతికిలబడేది, కాళ్ళు అయిపోయాయనేది. ఎడమ భుజం మీద ఎత్తుకుని ఎక్కేవాడట." అప్పటి కాపలాదారు ఎప్పుడో రిటైరయ్యాడు. అయిపోయినవి పాప కాళ్ళు కావు. భుజం నాది కాదు. మరెవరో తండ్రి జ్ఞాపకాన్ని తీసుకొచ్చి, నా కూతుర్ని అందులో పెట్టుకుని ఇన్నేళ్ళు మోశాను. అరగంటలో రాసిన ఆ పేజీని కంప్యూటర్లోంచి తీసేశాను. గురువారం మధ్యాహ్నానికి ఏమివ్వాలో తెలియదు. ఇది మాత్రం ఇవ్వలేను.

సాయంత్రం మా ఆయనకి టీ ఇస్తూ అడిగాను. "లైట్‌హౌస్‌కి లిఫ్ట్ ఉందని నాకెప్పుడూ చెప్పలేదేం?"

"అందులో చెప్పడానికేముంది? అందరూ దాన్లోనే వెళ్తారు."

"నేను మెట్లని రాస్తున్నాను కదండీ. ఏడేళ్ళ నుంచి."

"అవునా?" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోయి. "నీ పేజీ నేనెప్పుడు చదివాను? ఎక్కడికెళ్ళాలో నువ్వు నోటితో చెప్తావుగా." టీ ఒక గుక్క తాగి, "పంచదార తగ్గింది" అన్నారు.

పంచదార తీసుకురావడానికి లేచాను. ఆయన ఎన్నడూ చదవలేదు. అయినా "రాసిందే నువ్వు" అంటూ తొమ్మిదేళ్ళు నన్ను గుమ్మంలో నిలబెట్టారు. వంటింట్లో డబ్బా మూత తిప్పుతుంటే అత్తగారి గదిలోంచి పిలుపు వినిపించింది.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా. తలుపు దగ్గరికి వెయ్యి."

ఆమె మంచం మీద కాళ్ళు చాపుకుని మోకాళ్ళకి మందు రాసుకుంటున్నారు.

"లిఫ్టుందంటున్నావు. ఎక్కడ?"

"లైట్‌హౌస్‌లో అత్తయ్యా. ఏడేళ్ళుగా ఉందట. మీకు తెలిసే ఉంటుందిగా, ప్రతిసారీ వెళ్తారు."

"నేనెప్పుడు దిగాను?" అన్నారామె.

నాకు అర్థం కాలేదు.

"కారులోంచి నేనెప్పుడు దిగానే? రెండు వందల పన్నెండు మెట్లని నువ్వేగా రాశావు. ఈ మోకాళ్ళతో నేనెక్కడ ఎక్కగలను? వాళ్ళు వెళ్ళొస్తారు, నేను కూర్చుంటా. సంచి ఉంటుంది కదా. అద్దాలు మూసేస్తే నీళ్ళు వేడెక్కుతాయి, మనిషుంటే దించి ఉంచొచ్చు."

"లైట్‌హౌస్ ఒక్కటేనా?"

"అన్నీనూ. పూల ప్రదర్శనకి గేటు నుంచి చాలా నడవాలన్నారు. పడవకి చెక్క మీద నడవాలన్నారు." మందు మూత బిగిస్తూ ఆమె కొంచెం సిగ్గుపడ్డారు. "నీ పేజీ మడిచి పట్టుకెళ్తా. వాళ్ళు పైకెళ్ళగానే తీసి చదువుకుంటా. ఆ కిటికీ లేదూ, ఉప్పు గాలి వచ్చేది? దాని గురించి మా చెల్లెలికి కూడా చెప్పాను. చూసినట్టే చెప్పాననుకో. మధ్యలో నాకే అనుమానం వచ్చింది, ఎప్పుడైనా చూశానేమోనని."

నేను మంచం అంచున కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళూ ఆ ముందు సీటు మీద నాకెంత కడుపుమంట! కారు మలుపు తిరిగేటప్పుడు అద్దంలో కనిపించే ఆ తెల్ల తలని చూసి ఎన్ని మాటలు మనసులో అనుకున్నానో. ఆమె తిరుగుతోంది, నేను ఉతుకుతున్నాను అనుకున్నాను. వెళ్ళని నేను రాశాను. దిగని ఆమె చదివారు. మా ఇద్దరికీ కలిపి ఒకే ఒక్క కిటికీ, అదీ మరెవరిదో. పైగా ఆమెని కారులో కట్టేసినవి నా మెట్లే.

"అత్తయ్యా, నేనూ వెళ్ళలేదు" అన్నాను. "ఎక్కడికీ వెళ్ళలేదు. అంతా ఫోన్లో అడిగి రాసినవే."

ఆమె మందు డబ్బా పక్కన పెట్టేశారు. "ఓసినీ!" అన్నారు. నవ్వారో, మరేమిటో తెలియలేదు. "మరి మా చెల్లెలికి నేనేం చెప్పుకోను?"

"రేపు సెలవు పెడతాను. మనిద్దరం వెళ్దాం."

"వాణ్ణి తాళం అడగాలా?"

"బస్సుంది."

"సంచి?"

"సంచి లేదు."

బుధవారం పది గంటలకి మేము లిఫ్ట్‌లో ఉన్నాం. పాప చెప్పిన అద్దం ఉంది. అందులో ఇద్దరు ఆడవాళ్ళు ఖాళీ చేతులతో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి ఉన్నారు. పైకి చేరడానికి నిమిషం కూడా పట్టలేదు. తలుపు తెరుచుకోగానే గాలి మా మీద పడింది. గాలికి ఉప్పు రుచి లేదు. పెయింటు వాసన ఉంది. సముద్రం నేను రాసినంత నీలంగా లేదు, కానీ నేను రాసినదానికన్నా చాలా పెద్దగా ఉంది. నా పేరాలో ఓడలున్నాయి, పక్షులున్నాయి. ఈ హోరు లేదు. ఫోన్లో ఎవరూ హోరు గురించి చెప్పలేదు.

భుజానున్న పర్సులోంచి నోట్‌బుక్కు తీసి, గాలికి ఎగరకుండా మోచేత్తో అదిమిపెట్టి రాయడం మొదలుపెట్టాను. లిఫ్ట్ ఉంది. లోపల అద్దం. పైన కూర్చోవడానికి బల్ల. మోకాళ్ళ నొప్పులవాళ్ళు రావచ్చు.

తలెత్తి చూస్తే అత్తగారు పక్కన లేరు. సముద్రాన్ని వదిలేసి, కటకటాలు పట్టుకుని మెల్లగా అటువైపుకి, ఊరు కనిపించే వైపుకి వెళ్ళిపోయారు. ముందుకి వంగి కిందికి చూస్తున్నారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. కింద కార్లు ఆపే చోటు. గోడవారగా ఒకే ఒక్క చెట్టు. దాని పల్చటి నీడలో ఎవరిదో తెల్ల కారు, అద్దం దించి ఉంది. ముందు సీటు కిటికీలోంచి బయటికి ఒక మోచెయ్యి, ఒక మడిచిన పేపరు అంచు తేటగా కనిపిస్తున్నాయి.

"అదే నా చోటు" అన్నారు అత్తగారు వేలు చూపించి. "ఎప్పుడూ ఆ చెట్టు కిందే ఆపుతాడు."

ఇంకాసేపు చూశారు. తర్వాత, నన్ను కాదు, గాలిని అడిగినట్టు అడిగారు. ఆ మాటని ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఐదు వందల వారం దాంతోనే మొదలవుతుంది.

"ఇక్కణ్ణుంచి ఇంత బాగా కనిపిస్తోందే. మరి ఇన్నేళ్ళూ వాళ్ళకి నేను కనిపించే ఉంటానుగా?"