గేటు మీది బొమ్మ

మిసెస్ హాలమ్ మా గుమ్మం ముందు వానలో నిలబడి నన్ను బతిమాలింది. ఆవిడ మరిచిపోయి ఉండొచ్చు, నేను మరిచిపోలేదు. అది మార్చి నెల, మహమ్మారి భయంతో దేశమంతా తలుపులు బిగించుకున్న వారం. మా గ్రిమ్స్‌బీలో రేవు మీదుగా వచ్చే వాన ఏటవాలుగా మొహాన కొడుతుంది. అలాంటి వానలో ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్ అయిన మనిషి గొడుగైనా లేకుండా, దూరం పాటించాలి కాబట్టి మా చెత్తడబ్బాల పక్కన నిలబడింది.

“గ్లెండా, రేపట్నుంచి టీగన్‌ని బడికి పంపండి” అంది.

“బడులు మూసేశారుగా?”

“అందరికీ మూశాం. కొంతమందికి తెరిచే ఉంచుతున్నాం. నర్సుల పిల్లలకి, దుకాణాల్లో పనిచేసేవాళ్ళ పిల్లలకి. ఇంకా...”

“ఇంకా?”

“ఇంకా, కాస్త ఆసరా అవసరమైన పిల్లలకి.”

నాకు ఒళ్ళు మండింది. టీగన్ నా కూతురి కూతురు. అప్పటికి తొమ్మిదేళ్ళది. దాని తల్లి మత్తుమందులకి బానిసై ఏ ఊళ్ళో ఉందో కూడా తెలియదు. పిల్లని నేనే పెంచుతున్నాను. నెలకోసారి ప్రభుత్వం తరఫున ఒక అమ్మాయి వచ్చి, ఫ్రిజ్‌లో పాలున్నాయా, పిల్లకి మంచముందా అని చూసి వెళ్తుంది. ఆ అమ్మాయి వస్తుంది కాబట్టే టీగన్ ఈ ‘ఆసరా’ పిల్లల్లో చేరింది.

“దానికి ఆసరా నేనున్నాను. మా ఇంట్లో దానికేం తక్కువైందని...” అంటూండగానే దగ్గు తెర ముంచుకొచ్చింది. నా వయసంతా నిలవకోసం చేపలకి పొగపెట్టే షెడ్లలో గడిచింది. చేపలు ఎక్కడెక్కడికో ఎగుమతి అయ్యాయి, పొగ మాత్రం నా గుండెల్లో ఉండిపోయింది. ఒకసారి మొదలైతే ఆ దగ్గు కుర్చీలు జరిపినట్టు మోగుతుంది.

ఆవిడ నా దగ్గు తగ్గేదాకా వానలోనే ఆగింది. “మీరు జబ్బు పడకూడదు. పిల్లేమో నాలుగు గోడల మధ్య ఉండగలిగేది కాదు” అంది.

అది మాత్రం నిజమే. ముప్ఫైమంది ఉన్న తరగతిలో టీగన్ కుర్చీ తన్నేది, పుస్తకం విసిరేది. నాకు ఫోన్ వచ్చేది. నేను ఆయాసపడుతూ వెళ్ళి తెచ్చుకునేదాన్ని. అప్పటికే రెండు బడులు మాకు దణ్ణం పెట్టేశాయి. అందుకే అడిగాను, “పంపుతాను సరే, అది ఏదో ఒకటి విసురుతుంది. మళ్ళీ తీసుకుపొమ్మంటారు. అప్పుడు?”

“నేను మాటిస్తున్నాను గ్లెండా. ఏం జరిగినా సరే, టీగన్‌కి ఆ తలుపు తెరిచే ఉంటుంది.”

ఏం జరిగినా సరే అంది. ఆ మాట నేను కల్పించలేదు. ఎదురింటి కర్టెన్ వెనకనుంచి డోరీన్ కూడా విన్నది. డోరీన్ వినని మాటంటూ మా వీధిలో లేదు.

పంపాను. పంపితే ఏమైందో చెబితే నమ్మరు. అంత పెద్ద బడికి వచ్చేది తొమ్మిదిమంది పిల్లలు. హాలంతా వాళ్ళదే, బంతులన్నీ వాళ్ళవే. మధ్యాహ్నం ఒకే పొడుగాటి బల్ల దగ్గర పిల్లలూ మిసెస్ హాలమ్మూ బడి చూసుకునే లెన్నూ కలిసి తినేవాళ్ళు. గట్టిగా తలుపేస్తే ఉలిక్కిపడే నా టీగన్, అందరికీ బఠాణీలు వడ్డించడం మొదలుపెట్టింది. ఆ వేసవి ఒక్కసారైనా నాకు ఫోన్ రాలేదు. మోగుతుందేమోనని నేనే ఫోన్ పక్కన కూచుని, రాక రాక బోరు కొట్టి, స్వెట్టరు అల్లడం మొదలుపెట్టాను.

ఇంటికొచ్చాక ఒకటే కబుర్లు. “అమ్మమ్మా, ఇవాళ నేను నీలాగా దగ్గి చూపించాను.”

“నాలాగానా? గాడిదా, ఎందుకే?”

“అందరూ అడిగారు. చెయ్యి ఇలా నడుం మీద పెట్టి, కళ్ళు పెద్దవి చేసి. మిసెస్ హాలమ్‌కి నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. రేపు కూడా చెయ్యమన్నారు.”

అని వంటింట్లో మళ్ళీ దగ్గి చూపించింది. అచ్చం నేనే. నవ్వబోతే నాకు నిజం దగ్గే వచ్చింది. ఇద్దరం కలిసి దగ్గి దగ్గి చచ్చాం.

గురువారం సాయంత్రాలు వీధిలో అందరూ గుమ్మాల్లోకొచ్చి నర్సుల కోసం చప్పట్లు కొట్టేవాళ్ళు, గిన్నెలు మోగించేవాళ్ళు. ఒకరోజు డోరీన్ గరిటె ఆపి, వీధంతా వినేటట్టు అడిగింది. “ఏమే గ్లెండా, మీ పిల్ల రోజూ బడికెళ్తోంది. ఇంతకీ మీ ఇంట్లో డాక్టరెవరే?”

“నేనేనే. నీ నోటికి మందు కనిపెడుతున్నా” అన్నాను. టీగన్ పొట్ట పట్టుకుని నవ్వింది. మునుపైతే అలాంటి మాటకి ఎవరి కిటికీయో పగిలేది.

అన్నిటికంటే ముఖ్యం బంగాళాదుంపలు. లెన్ ఆటస్థలం మూల ఒక మడి తవ్వి పిల్లలచేత విత్తన దుంపలు నాటించాడు. మిగతా పిల్లలకి రెండు వారాల్లో విసుగొచ్చింది. టీగన్‌కి రాలేదు. నీళ్ళు పోసింది, మట్టి ఎగదోసింది, నత్తల్ని ఏరి గోడ అవతలికి విసిరింది. ఆకు పండి వాలేదాకా తవ్వకూడదని లెన్ చెబితే, విసుక్కోకుండా ఆగింది. నా మనవరాలు ఒకదానికోసం ఆగడం నేనెప్పుడూ చూడలేదు. సెప్టెంబర్‌లో అందరూ బడికి తిరిగొచ్చాక తవ్వుదామన్నారు. మొదటి దుంప టీగన్ చేత్తోనే పైకి రావాలని, ఆ రోజు బడి మొత్తానికి చిప్స్ వెయ్యాలని మిసెస్ హాలమ్ బల్ల దగ్గర అందరి ముందూ చెప్పింది.

మడి దగ్గర టీగన్‌కి ఫొటో కూడా తీసింది. తనకంటే పొడుగున్న పార పట్టుకుని, ముక్కు మీద మట్టితో, పై పన్ను లేని నోటితో నవ్వుతోంది. “బడి పనికి వాడుకోవచ్చా గ్లెండా?” అని ఫోన్ చేసి అడిగింది. “వాడుకోండి” అన్నాను. గర్వపడ్డాను కూడా.

సెప్టెంబర్ వచ్చింది. బడి నిండిపోయింది. జబ్బు అంటకుండా ఒక్కో తరగతిని ఒక్కో గుంపు చేశారు. ఒక గుంపు ఇంకో గుంపుతో కలవకూడదు, ఆటస్థలాన్ని కూడా పసుపు టేపుతో వాటాలేశారు. దుంపల మడి చిన్నపిల్లల వాటాలోకి పోయింది.

“నాకు మిసెస్ హాలమ్ మాటిచ్చింది. పిలుస్తుంది” అంది టీగన్. నేను కూడా, “పిలవకేం చేస్తుందే” అన్నాను.

రెండో వారంలో ఫోన్ మోగింది. పిల్లని తీసుకెళ్ళమన్నారు. వెళ్ళేసరికి గేటు లోపల లెన్ పక్కన నిలబడి ఉంది. రెండు చేతులకీ మట్టి. లెన్ నా మొహం వంక చూడలేదు.

“అమ్మమ్మా, వాళ్ళు నా దుంపలు తవ్వేశారు.”

“ఎవరే?”

“చిన్నపిల్లలు. ప్లాస్టిక్ పారలతో. కిటికీలోంచి చూశాను. మిసెస్ హాలమ్ అక్కడే ఉంది. నవ్వుతూ చూస్తోంది.”

“నువ్వేం చేశావు?”

“పరిగెత్తా. టేపు కిందనుంచి దూరా. కొత్త టీచరు, ఇది నీ గుంపు కాదు, దూరంగా పో, దూరంగా పో అని అరిచింది. అవి నా దుంపలు అన్నా. చెయ్యి పట్టుకుని లాగింది. అప్పుడు దగ్గా.”

“దగ్గావా? ఎలా?”

“నీలాగే. ఆవిడ మొహం మీద.”

పిల్ల మాట్లాడుతున్నంతసేపూ గేటు అవతల తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కుంటున్నారు. నా మనవరాలు నత్తైపోయింది వాళ్ళకి.

రెండు రోజుల తరవాత నన్ను పిలిచారు. మిసెస్ హాలమ్ కిటికీలన్నీ తెరిచి, మాస్కు వేసుకుని కూచుంది. “కూచోండి మిసెస్ స్టెబ్బింగ్” అంది.

“నేనెప్పట్నుంచి మిసెస్ స్టెబ్బింగ్‌నయ్యాను?”

ఆవిడ బల్ల మీది కాగితం ముందుకు లాక్కుంది. “టీగన్ కావాలనే టీచరు మొహం మీద దగ్గింది. ఈ రోజుల్లో అది చిన్న తప్పు కాదు. తల్లిదండ్రులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. టీచరు సెలవు పెట్టింది.”

“ఆ దగ్గుకే మీరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. రేపు కూడా చెయ్యమన్నారు.”

“అప్పుడు తొమ్మిదిమంది ఉన్నారు, గ్లెండా.” పాత పిలుపు నోరు జారి వచ్చినట్టుంది, వెంటనే బల్ల వైపు చూసింది. “ఇప్పుడు మూడొందలమంది.”

“అంటే మీరిచ్చిన మాట ఆ మూడొందలమంది వచ్చేదాకేనా? ఎవరూ రానప్పుడు నా పిల్ల కావాలి. అందరూ రాగానే నా పిల్ల అడ్డం.”

“నేను అప్పుడు అబద్ధం చెప్పలేదు. నిజంగానే అనుకున్నాను.”

అది విన్నాకే నాకు ఎక్కువ మండింది. అబద్ధమాడిన మనిషినైతే తిట్టి రావచ్చు. నిజంగా అనుకుని, తరవాత నిజంగా మానుకున్న మనిషిని ఏమని తిట్టాలి?

ఊరవతల ఇలాంటి పిల్లల కోసం వేరే చిన్న బడి ఉందట. రోజూ టాక్సీ వచ్చి తీసుకెళ్తుందట. మా అంతట మేమే మారుస్తున్నామంటే, బడినుంచి వెళ్ళగొట్టారన్న మచ్చ పిల్ల మీద పడదట. ఎంత మర్యాదగా చెప్పింది! మొహం మీద తలుపేస్తూ, ఆ తలుపు మా చేతే మూయిస్తోంది. నేనేం చెయ్యను? మచ్చ పడితే మోయాల్సింది పిల్ల. సంతకం పెట్టాను.

లేచేటప్పుడు అడిగాను. “చిప్స్ వేశారా?”

“లేదు. ఒకే గిన్నెలోవి అందరూ తినడం కుదరదు కదా. చిన్నపిల్లలు తలా ఒక దుంప ఇళ్ళకి పట్టుకెళ్ళారు.”

ఇంటికి వచ్చేసరికి టీగన్ వంటింటి మెట్టు మీద కూచుని ఉంది. “మిసెస్ హాలమ్ ఏమంది? నన్ను ఎప్పుడు రమ్మంది?” అని అడిగింది. చెప్పాను. కుర్చీ తన్నుతుందేమోనని చూశాను. తన్నలేదు. “ఓహో” అని లోపలికెళ్ళి పడుకుంది. అది కుర్చీ తన్నినా బావుండేది.

అక్టోబర్‌లో ఒకనాడు పాలకని వెళ్తే బడి గేటు మీద లెన్ నిచ్చెన వేసుకుని పెద్ద బ్యానర్ కడుతున్నాడు. ‘మహమ్మారిలోనూ మూతపడని తలుపు మాది’ అని ఇంతింత అక్షరాలు. అక్షరాల పక్కన, నిలువెత్తున, పార పట్టుకుని నా టీగన్. ముక్కు మీద మట్టి, పన్ను లేని నవ్వు.

“లెన్” అన్నాను. బొమ్మ వైపు వేలు చూపించాను.

“కట్టమన్నారు గ్లెండా, కడుతున్నా” అన్నాడు నిచ్చెన మీదనుంచే. “ఇంకో ఫొటో పెట్టమని అడిగాను. ఇదే బావుందన్నారు.”

టాక్సీ రోజూ ఆ గేటు ముందునుంచే వెళ్తుంది. పిల్ల పొద్దునా సాయంత్రం తన బొమ్మని చూసుకుంటూ, తనని రానివ్వని గేటు దాటుతుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు. పిల్లని అడగలేదు. అడిగితే పుండు మీద వేలు పెట్టినట్టవుతుందని ఊరుకున్నాను. కొన్నాళ్ళకి టాక్సీ అతనే అన్నాడు, “గేటు దగ్గర నెమ్మదిగా పొమ్మంటుందండీ మీ పాప.” ఇక నావల్ల కాలేదు.

చేపల రెక్కలు కత్తిరించే పెద్ద కత్తెర సంచిలో వేసుకుని, బడి విడిచే వేళ చూసుకుని వెళ్ళాను. దొంగలా వెళ్ళే ఖర్మ నాకేంటి? తల్లులు దూరదూరంగా వరసకట్టి ఉన్నారు. గేటు పక్క పిట్టగోడ ఎక్కి, ఆయాసం తీర్చుకుని, టీగన్ జుట్టు చుట్టూతా కొయ్యడం మొదలుపెట్టాను. ఆ గుడ్డ మందం, కత్తెర కిర్రుకిర్రుమంటోంది. ఎవరూ ఆపలేదు. ఒకావిడ ఫోన్‌తో తీసుకుంది, తీసుకోనీ.

మిసెస్ హాలమ్ పరిగెత్తుకుంటూ వచ్చింది. “గ్లెండా, దిగండి, పడతారు! అది బడి ఆస్తి!”

“బ్యానర్ మీది. ఉంచుకోండి. పిల్ల నాది.”

“మీరే వాడుకోమన్నారు.”

“మాటిచ్చాను, ఔను. మీరూ ఇచ్చారు.”

ఆవిడ అక్కడే నిలబడిపోయింది. మాస్కు పైన కళ్ళు తడిశాయి. వానలో నిలబడిన మనిషి మళ్ళీ కనిపించింది ఒక క్షణం. కనిపిస్తే నాకేంటి? పారతో సహా కోసి, చాపలా చుట్టి చంకలో పెట్టుకుని వచ్చేశాను. దారంతా దగ్గుతూనే ఉన్నాను, అయినా కడుపు చల్లబడింది. చాలా రోజుల తరవాత తల ఎత్తుకుని నడిచాను.

బొమ్మని వంటింటి గోడకి అంటించాను. సాయంత్రం టీగన్ వచ్చింది. టాక్సీ దిగి తిన్నగా వంటింట్లోకొచ్చి, కోటు విప్పకుండానే దాన్ని చూసింది.

“నువ్వా కోసింది?”

“నేనే. వాళ్ళకి నీ బొమ్మ పెట్టుకునే హక్కు లేదు తల్లీ. అందరి ముందూ కోసుకొచ్చాను. డోరీన్‌కి చెబితే...”

అది నవ్వలేదు. బొమ్మ దగ్గరకెళ్ళి, నేను వంకరగా కోసిన చెవి దగ్గర వేలు పెట్టి చూసింది.

“నేను రోజూ దానికి చెయ్యూపుతాను” అంది.

“ఎందుకే?”

“అది ఇంకా బడిలోనే ఉందిగా, అమ్మమ్మా. నన్ను పంపించేశారు కానీ దాన్ని ఉంచుకున్నారు.” నా వైపు తిరిగింది. కోపం లేదు దాని మొహంలో. పిల్లని తీసుకెళ్ళమని బడినుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా నా మొహం ఎలా ఉండేదో అలా ఉంది. “దాన్ని కూడా నువ్వు తీసుకొచ్చేశావు.”