సీసపు కొమ్ములు

మా ఆయన కూర్మయ్య బర్మాలోని రంగం రేవులో మూటలు మోసి వచ్చిన మనిషి. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే కబుర్లు. అక్కడ ఎద్దుల్లేని బళ్ళు నడుస్తాయట, నూనె లేని దీపాలు వెలుగుతాయట. "అదంతా ఎలట్రీ. తీగలోంచి వత్తాది. తీగ నేందే ఎలట్రీ నేదు," అనేవాడు. కోతలు కోయడానికి కొడవలి అక్కర్లేదు, కూర్మయ్య నోరు చాలని మా ఊరు డొంకూరంతా నవ్వేది.

తెల్లవాళ్ళ పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులవి. తుపాను వెలిశాక ఎండుచేపల గంపలతో నేను, ఆయన, నా తమ్ముడు దాలయ్య ఇసుక దిబ్బల మీదుగా ఇచ్ఛాపురం సంతకు బయలుదేరాం. చెట్టు నీడన్నది లేని దారి, అరికాళ్ళు కాలిపోతాయి. మొగలి పొదలు దాటాక ఇసుకలో సగం కూరుకుపోయి ఒక ఇనుప గుండు కనిపించింది. పెద్ద కాగంత ఉంది. దాని నెత్తిన జానెడేసి కొమ్ములు.

దాలయ్య ఒక కొమ్మును గోటితో గీకి నా వైపు తిరిగాడు. "అప్పా, సీసం!"

వాడి మొహం వెలిగిపోయింది. పాత వలను తుపాను పట్టుకుపోయింది. కొత్తది అల్లుకున్నాడు గానీ అంచుకు కట్టడానికి సీసం లేదు. వల మునగకపోతే వాడింట్లో పొయ్యి రాజదు.

మా ఆయన గంప అక్కడే వదిలేశాడు. "ముట్టుకోకురా! ఇలాటిదాన్ని రంగం రేవులో దొరలు పట్టి తెచ్చినారు. ఓడల్ని పేల్చీది. కొమ్ములో గాజుబుడ్డి ఉంటాది. కొమ్ము వంగితే బుడ్డి పగిలి ఎలట్రీ పుడతాది."

దాలయ్య గుండు చుట్టూ ఇసుక తోడి చూశాడు. "తీగేది బావా?"

"దీనికి బయట తీగ అక్కర్నేదు."

"తీగ నేందే ఎలట్రీ నేదని నువ్వే కదా సెప్పినావు. ఏ మాట నమ్మమంటావు?"

ఎప్పుడూ మాటకు తడుముకోని మనిషి వంగి గంప ఎత్తుకున్నాడు. దాలయ్యే నవ్వి, "సర్లే బావా, ముట్టను," అన్నాడు.

సంత దాకా వెంట వచ్చినవాడు, గంపలు దించి చూసేసరికి లేడు. మా ఆయన వెనక్కి పరుగు తీశాడు, నేను ఆయన వెనకాల. దిబ్బ ఎక్కేసరికి కింద దాలయ్య ఒక చేత్తో కొమ్ము పట్టి వంచుతూ, రెండో చేత్తో చేపల కత్తి ఆడిస్తున్నాడు. "ఒద్దురా!" అని ఆయన అరిచాడు. దాలయ్య తలెత్తి నవ్వాడు.

దిబ్బంతా లేచి మా మీద పడింది.

చేపలు మోసిన గంపలోనే నా తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకున్నాం. గంప నిండలేదు. ఆ పాపిష్టి సీసాన్ని నేను ఈ జన్మలో క్షమించను.

ఇప్పుడు ఊరికి కూర్మయ్య మాటంటే గురి. రంగం కబుర్లు చెప్పమని వచ్చి కూర్చుంటారు. ఒకనాడు మా అమ్మ బొడ్డమ్మ కూడా వచ్చింది. "నా కొడుకుని సంపినదేటి అల్లుడా? నాకు తెలిసీలాగ సెప్పు. నాను నమ్ముతాను."

ఆయన రంగం మూటలకు కాయ కాసిన భుజం మీద కండువా కప్పుకున్నాడు.

"నాకేటి తెల్దు అత్తా. నాను రంగం ఎప్పుడూ సూడనేదు."