క్వాకోకు అందని ఉత్తరం

మింబా వచ్చిందని వంటామె చెప్పింది. వెనక గుమ్మం దగ్గరకు కాదు, ముందు మెట్లెక్కి వచ్చిందట.

నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి మింబా. కిందటి ఆగస్టులో ఈ దీవిలోని బానిసలందరికీ విడుదల వచ్చిన రోజునే తన గుడిసె ఖాళీ చేసి, కొండ మీద ప్రార్థనామందిరం పక్కన ఇల్లు వేసుకుంది. తొమ్మిది నెలలుగా మా చెరకుతోట గట్టు తొక్కలేదు. ఎందుకు తొక్కుతుంది? ఇక్కడ ఆమెకేం ఒరిగిందని?

“కూర్చో మింబా,” అన్నాను.

“కూర్చోడానికి రాలేదు డాక్టరు గారూ.”

డాక్టరు గారట! ‘చిన్నదొరా’ అన్న పిలుపు ఆ గుడిసెతోపాటే పోయిందన్నమాట. పోతే పోయింది, దానికి ఏడవడానికి నాకు మొహం లేదు.

“పెద్దదొర పోయాడు కదా. ఆయన కాయితాలన్నీ నీ దగ్గరే ఉంటాయి. మా క్వాకోను ఎవరికమ్మాడో చూసి చెప్పు. ఇప్పుడు చీటీ లేకుండా ఎక్కడికైనా నడిచి పోవచ్చట. పోతాను.”

“చాలా కాయితాలున్నాయే. చూసి కబురు పంపుతాలే.”

“ఇరవై ఏళ్ళు ఆగినదాన్ని, ఇంకో పూట ఆగలేనా? నువ్వు చూడు. నేనిక్కడే నిలబడతా.”

చూడ్డానికేముంది! నాన్న కాయితాల్లో కాదు, నా పెట్టెలో ఉంది అది. ఎడింబరోలో వైద్యం చదివిన నాలుగేళ్ళూ ఆ పెట్టెలోనే మూలుగుతున్నాయి. పాఠాల పుస్తకాలు, దర్జీ చీటీలు, ఒకమ్మాయి మీద రాసి పంపని చచ్చు కవిత్వం, అడుగున నాన్న ఉత్తరాలు. ఎన్నోసార్లు తగలబెడదామనుకుని, అగ్గి దాకా తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి పెట్టేశాను. అదేదో పశ్చాత్తాపమని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

క్వాకో మింబా కొడుకు, నా ఈడువాడు. పాకం వండే కొట్టం వెనక బూడిద పరిచి, పుల్లతో వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. ఏడాది తిరక్కుండా నాకంటే గుండ్రంగా రాయడం నేర్చాడు. ఎవరికీ చెప్పనని ఇద్దరం ఒట్టేసుకున్నాం.

ఎడింబరోలో మొదటి శీతాకాలం. భోజనాల బల్ల దగ్గర తోటి విద్యార్థులు బానిసల బుర్ర గురించి వాదించుకుంటుంటే, “మా క్వాకో చేతిరాత చూస్తే మీరంతా సిగ్గుపడతారు,” అని కోతలు కోశాను. అందరూ పగలబడి నవ్వారు. “ఏదీ, చూపించు!” అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడే క్వాకోకు ఉత్తరం రాసి, నాన్నకు రాసిన కవరులోనే పెట్టాను. ‘మీరు ఆశ్చర్యపోతారు నాన్నా, వాడే చదువుకుంటాడు. వాడి చేత్తోనే జవాబు రాయించి పంపండి’ అని.

తోట దొర కొడుకును, నాకామాత్రం తెలియదా? బానిస తోట గట్టు దాటాలంటే దొర రాసిచ్చిన చీటీ ఉండాలి. ఆ చీటీ తానే రాసుకోగలిగినవాణ్ణి ఏ దొర ఉంచుకుంటాడు? తెలుసు. బాగా తెలుసు. నా గొప్ప కోసం ఆ పూటకు మర్చిపోయాను.

అయిదు నెలలకు నాన్న జవాబొచ్చింది. క్వాకో జవాబేదని స్నేహితులడిగితే, జ్వరమొచ్చి చచ్చిపోయాడన్నాను. ఆ మాట అనడానికి నాకు తడుముకోవాల్సిన పని కూడా లేకపోయింది. అయ్యో పాపం అన్నారు వాళ్ళు.

ఆ జవాబే ఇప్పుడు వరండాలోకి తెచ్చి మింబా ముందు విప్పాను.

“సెయింట్ థామస్‌లో ఫెయిర్‌వ్యూ తోట. ప్రింగిల్ దొర,” అని చదివాను.

“అంటే దీవికి తూర్పు కొస. వారం నడక.” వేళ్ళ మీద లెక్క వేసుకుంది. “ఎందుకమ్మాడో రాయలేదా?”

“లేదు.”

“నాకు తెలుసులే. నా పాడు నోరే. ఆ వారమే పెండలం దుంపల దగ్గర దొరసానికి ఎదురు చెప్పాను. వాడు కనబడగానే ముందు ఆ మాటే చెప్పి, తప్పయిపోయింది నాయనా అంటాను.”

తల ఊపి మెట్లు దిగసాగింది. నేను ఊరుకుంటే ఆ గండం గడిచిపోయేది. ఒక్కో మెట్టుకూ మోకాలు పట్టుకుని దిగుతోంది. ఈ మోకాళ్ళతో వారం రోజులు నడిచి, చెయ్యని తప్పుకు కొడుకు ముందు తలవంచుకుంటుందా?

“మింబా, ఆగు! రాశాడు. నేనే చదవలేదు.”

ఈసారి మొత్తం చదివాను. ‘నీ మాట నిజమే. పిలిచి కాగితం ముందు పెడితే వాడి పేరూ నీ పేరూ చక్కగా రాశాడు. మెచ్చుకుంటానేమోనని నవ్వుతూ నిలబడ్డాడు. అలాంటివాడు తోటలో ఉండకూడదు. మధ్యాహ్నమే పంపేశాను. నీ ఉత్తరం వాడికివ్వలేదు, తిప్పి పంపుతున్నాను. ఈ ఏడు చెరకు బాగుంది.’

మింబా ఏడవలేదు. ఏడ్చినా, తిట్టినా బాగుండును.

“అంటే నా నోరు కాదు,” అంది.

“కాదు. నా వల్లే.”

“ఆ రోజు నుంచి నోరు కుట్టేసుకున్నాను. కొరడాతో నా కూతురు జూబాను ఇదే వాకిట్లో కొడుతుంటే, పదేళ్ళ పిల్ల, అమ్మా అని అరుస్తుంటే కూడా నోరెత్తలేదు. ఎత్తితే దాన్నీ అమ్మేస్తారని. పైచదువు చదివొచ్చి నువ్వు ఆ కిటికీలోనే నిలబడ్డావు. ఆ రోజైనా నాకు చెప్పలేకపోయావట్రా?”

ఆ రోజు నేను కిటికీ మూసుకుని లోపలికి వెళ్ళాను. అదీ చెప్పాను. వినిందో లేదో తెలియదు.

“వాడికి నువ్వు రాసిన ఉత్తరం ఉందా?”

“ఉంది.”

“అది నీది కాదు. వాడిది. ఇటు తే. దాని అడుగున ఇప్పుడు నువ్వు చెప్పిందంతా రాయి. నవ్వుతూ నిలబడ్డాడని కూడా రాయి. నువ్వు కిటికీ మూసుకున్నావని కూడా.”

రాశాను. సిరా రెండుచోట్ల అలుక్కుపోయింది. ఆరనిచ్చి, మడత పెట్టబోతూ, “చదివి వినిపించనా?” అన్నాను.

మింబా కాయితం నా చేతిలోంచి లాక్కుంది.

“నువ్వొద్దు,” అంది. “పాదిరి గారి భార్య చదువుతుంది. నువ్వయితే మధ్యలో వదిలేస్తావు.”