నిషిత చెప్తుంటే నా నోరాగలే

నా బిడ్డ నిషిత తొమ్మిదో తరగతి. ఇంట్ల దాని నోరు ముంగట టీవీ సప్పుడు కూడ వినరాదు. గా పిల్లనే బడిల నలుగురి ముంగట నిలవెడితే బొమ్మయితది. దసరాకు ముందు క్లాసుల ప్రెజెంటేషన్ చెప్పమన్నరంట. ‘గుడ్ మార్నింగ్’ అన్నదంట, అంతే. ఇగ మాట రాలే. పిల్లలు కిలకిల నవ్విన్రు. గప్పటి నుంచి దాని పేరే గుడ్ మార్నింగ్ చేసిన్రు.

“ఈసారి గిట్లనే అయితే నేనిగ బడికి పోనమ్మా,” అన్నది. ఏడ్వకుంట అన్నది. ఏడ్సుకుంట అంటే పట్టించుకోకపోదును. అది నా లెక్కనే మొండిది, అన్నదంటే చేస్తది. నా పానం ఆగమైంది.

ఈసారి పేరెంట్స్ మీటింగ్ నాడు అమ్మనాయినలందరి ముంగట చెప్పాలె. భూమిల నీళ్ల గురించి, అంత ఇంగ్లీష్‌లనే. వాళ్ల టీచరు విజయకుమారి మేడం నాకు ఫోన్ చేసి, “బట్టీ పట్టనియ్యకండమ్మా, అర్థం చేసుకొని సొంతంగా చెప్పమనండి,” అన్నది. సరే మేడం అని పెట్టేసిన. సొంతంగనంట! మధ్యల మరిస్తే ఎవలు అందియ్యాలె? నాకు ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు గాని, నేర్పుడెట్లనో తెల్వదా? మా అమ్మ నాకు బతుకమ్మ పాటలు నేర్పలేదా? ఆమె ఒక మాట అనేది, దాని మీద నేను అనేదాన్ని. పాట చెప్పే ఆమె మధ్యల మరిస్తే సుట్టు తిరిగేటోళ్లు అందుకుంటరు. పాట మాత్రం ఆగొద్దు.

ఇగ సురువు చేసినం. పొద్దుగాల నేను రొట్టెలు చేస్తుంటే అది కాయిదం మీద రాసుకున్నదంత గోడ కాడ నిలవడి చెప్పాలె. మా ఆయన లింగం బొల్లారంల డ్యూటీ దిగి ఇంటికొస్తే ఆయన ముంగట మళ్లొకసారి.

“జెర తిననియ్యే,” అంటడాయన.

“తినయ్యా, ఎవలొద్దన్నరు? చెవులు మాత్రం ఇటు పెట్టు.”

“చేతులు పిసుక్కోకు. కింద సూడకు, మొఖాలు సూడు. ఆఁ, మళ్ల మొదలు నుంచి!” అని బిడ్డెంబడి పడ్డ. వినంగ వినంగ అంత నాకే నోటికొచ్చింది. అర్థం మాత్రం తెల్వది. బట్టలు పిండుకుంట “వాటర్ లెవెల్ ఈజ్ గోయింగ్ డౌన్” అని నేనంటుంటే పక్కింటి ఆగమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, “మంచిగనే ఉన్నవా అరుణమ్మా?” అన్నది.

మీటింగ్ నాడు పటాన్‌చెరు పోయే ఆటోల కూడ చెప్పించవోయిన. “అమ్మా, జెర ఊకో,” అని అటు మొఖం తిప్పుకున్నది. నేను ఊకుంటనా?

హాల్‌ల నేనూ లింగం ఎనక వరుసల కూసున్నం. కొంగు వేలికి సుడుతున్న, ఇప్పుతున్న. నిషిత పేరు పిలిసిన్రు. వచ్చింది. ‘గుడ్ మార్నింగ్’ అన్నది. ముంగట కూసున్న పిల్లలు అప్పుడే కిసుక్కుమన్నరు. వాళ్ల నోట్ల మన్ను వడ! అయినా అది ఆగలే. ఒక్కొక్క మాట చెప్పుకుంట పోతున్నది, నా పెదాలు దాని ఎంబడి కదులుతున్నయి. “ఇన్ అవర్ విలేజ్ ఇంద్రేశం...” అన్నది. ఆగింది.

కండ్లు పెద్దగ చేసి గోడను సూస్తున్నది. ఇగ అయిపోయింది, రేపటి నుంచి బడి బందే అనుకున్న. నాకేమాయెనో, లేసి నిలవడి గట్టిగ అందుకున్న.

“వాటర్ లెవెల్ ఈజ్ గోయింగ్ డౌన్!”

హాలంత ఎనక్కి తిరిగింది. ఒక్కసారి గొల్లుమన్నరు. లింగం నా కొంగు గుంజి, “కూసోయే, ఇజ్జత్ పోతున్నది,” అన్నడు. అయ్యో, ఎంత పని చేస్తిని! సిగ్గుతోని సచ్చిన.

నిషిత నన్నే సూస్తున్నది. మొఖం ఎర్రగయింది. ఏడుస్తదనుకున్న. ఫక్కున నవ్వింది. నా దిక్కు చెయ్యి సాపి, “మై మదర్...” అని ఏందో అన్నది. బోర్ అన్నది, ట్యాంకర్ అన్నది, నెత్తిన బిందె పెట్టుకున్నట్టు చేసి సూపెట్టింది. పోయిన ఎండకాలం మా బోరు ఎండితే బిందె వట్టుకొని ట్యాంకర్ ఎంబడి ఉరికిన, గా ముచ్చటే చెప్తున్నట్టున్నది. హాల్‌ల మళ్ల నవ్విన్రు. గాని ఈసారి అదే నవ్వించింది.

గివి మేం నేర్సుకున్న మాటలు కావు. ఒక్కటి గూడ నేను ఇన్నది లేదు. మళ్ల ఆగితే ఎట్ల అందియ్యాలె?

“ఇగ ఏం చెప్తదయ్యా?” అని లింగాన్ని అడిగిన.

“నాకేం తెలుసు? సప్పుడు చేయకు.”

అది ఒక్కొక్కల మొఖం సూసుకుంట చెప్తనే ఉన్నది. నేను పెదాలు కదిపిన. ఏం రాలే. కండ్లల్ల నీళ్లు మాత్రం వచ్చినయి, సంబురంతోని. తర్వాత ఏం మాట వస్తదో నాకు తెల్వది. నా బిడ్డకు తెలుసు.