నన్ను ఆపడం మరిచిపోయారు

నేను ఒక థ్రెడ్ పూల్‌ని. పేరు చూసి బెదిరిపోకండి. జావా అనే కంప్యూటర్ భాషలో రాసిన వెబ్‌సైటు లోపల ఎనిమిది మంది పనివాళ్ళు కాచుకుని కూర్చుంటారు. పని రాగానే ఒకడు లేచి చేసేసి, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. ఆ బృందమే నేను.

విశాఖపట్నంలో ఓ చిన్న కంపెనీలో హైమ అనే అమ్మాయి నన్ను రాసింది. శ్రీకాకుళం వైపు ఒక డయాలసిస్ సెంటర్లో రోగులకి, మర్నాడు ఏ టైముకి రావాలో ముందురోజు సాయంత్రం మెసేజ్ పంపడం నా ఉద్యోగం. నన్ను పుట్టించే లైను ముచ్చటగా రాసింది. ఆపే లైను రాయలేదు. అవతల డెమోకి టైమైపోతోంది మరి!

ఆమె మేనేజరు సోమేశ్వర్రావుగారికి సర్వర్ అంటే భక్తి. ఆయుధపూజకి పెట్టిన కుంకుమబొట్టు దాని మీద అలాగే ఉంది. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ లేవదేమోనని ఆయన భయం. అందుకని కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా, నడుస్తున్న సర్వర్‌లోనే పాతదాన్ని తీసి కొత్తదాన్ని పెట్టించేవారు. అలా ఒకరోజు నా వెబ్‌సైటు పోయి, సొంత పూల్‌తో కొత్తది వచ్చింది. నన్ను మాత్రం పొమ్మని ఎవరూ అనలేదు. చెప్పనిదే కదలని బుద్ధిమంతుణ్ణి కదా, పాత టైములు పట్టుకుని ఉండిపోయాను.

ఈలోగా సెంటరువాళ్ళు టైములు మార్చారు. అప్పలనర్సమ్మ అనే పెద్దావిడకి కొత్త పూల్ పొద్దున్న ఆరుకి రమ్మని మెసేజ్ పంపింది. దాని వెనకాలే నేను మధ్యాహ్నం రెండుకి రమ్మన్నాను.

ఆవిడ రెండుకే వచ్చింది. కాళ్ళు వాచిపోయి, ఊపిరాడక ఆయాసపడుతోంది. అప్పటికే ఆమె మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. ఇంత ఆలస్యమేమిటని సిస్టర్ కసిరింది.

"ఆకర్న వచ్చిందే నిజమనుకున్నానమ్మా," అంది అప్పలనర్సమ్మ.

వరసలో ఉన్న ఒక దర్జీ, తాను మర్నాడు వస్తానని తన వంతు ఆమెకి ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ పూటకి గండం గడిచింది. ఇంకోసారి వంతు తప్పితే మాత్రం మనిషి దక్కదని డాక్టరు చెప్పేశాడు.

మర్నాడు సంగతి ఆఫీసుకి చేరగానే, జనానికి మెసేజ్ చదవడం రాదని సోమేశ్వర్రావుగారు తేల్చేశారు. ఎంత తెలివి! హైమ మాత్రం సర్వర్ లోపల ఎవరెవరు తిరుగుతున్నారో చూసింది. ఎప్పుడో పోయాడనుకున్న చుట్టం వంటింట్లో కాఫీ తాగుతూ కనిపించినట్టు, నేను కనిపించాను. వెబ్‌సైటు దిగిపోయేటప్పుడు పూల్‌ని కూడా ఆపే లైను కొత్తదానికి రాసింది. నాకు ఆ యోగం లేదు, నేను పోవాలంటే సర్వర్ ఆపాల్సిందే.

సోమేశ్వర్రావుగారు అడ్డుపడ్డారు. పాపం, దాని చేతిలో ఉన్న పనులు అవ్వనిమ్మన్నారు, సాయంత్రం మెసేజ్‌లు వెళ్ళాక చూద్దామన్నారు. ఇన్నాళ్ళకి నా మీద జాలిపడిన మహానుభావుడు ఆయనొక్కడే.

"ఆ పనుల్లో అప్పలనర్సమ్మకి వెళ్ళే తప్పు మెసేజ్ కూడా ఉంది సార్. ఇప్పుడే ఆపాలి," అంది హైమ.

ముందు నా జ్ఞాపకాలన్నీ ఒక ఫైల్లోకి దింపుకుంది, అందులోంచే మీతో మాట్లాడుతున్నాను. తరవాత సర్వర్ ఆపేసింది. నాకు ఒళ్ళు మండింది. ఎన్నడూ ఒక్క పని ఎగ్గొట్టినవాణ్ణి కాదు!

సర్వర్ మళ్ళీ మామూలుగానే లేచింది. ఆ సాయంత్రం అప్పలనర్సమ్మకి ఒక్క మెసేజే వెళ్ళింది. మర్నాడు పొద్దున్న ఆరుకి ఆమె తన మంచం మీద ఉంది.