నర్సయ్య కాలిలోకి వచ్చిన చుట్టాలు

నర్సయ్యకి అబద్ధమాడటం చేతకాదు. ఆ లోటు పూడ్చడానికే కాబోలు, గల్ఫులో, అల్ అమెరాత్‌లోని కంపెనీ రూమ్‌లో దేవుడు అతని పక్క మంచం ఇస్తారికి ఇచ్చాడు. ఇస్తారిది మురుగునీళ్ల ట్యాంకర్ డ్యూటీ. తన బండి వాసనకి నిజ్వా రోడ్డు మీద ఒక ఒంటె కళ్లు తిరిగి పడిపోయిందనీ, మొహాన మజ్జిగ చల్లి లేపితే అది తనకి సలాం కొట్టి మరీ పోయిందనీ చెప్పేవాడు. అంతా విని నర్సయ్య అటు తిరిగి పడుకునేవాడు.

నిర్మల్ పక్కన పల్లె నుంచి వచ్చిన నర్సయ్య సెంట్రింగ్ పనిలో మొనగాడు. అతను బిగించిన చెక్క మీద కాంక్రీటు పోస్తే గోడ నున్నగా వస్తుంది, దువ్వెన పెట్టక్కర్లేదని సైట్‌లో వేళాకోళం. అలాంటి మనిషి కాలి మీద ఇనుప చువ్వల కట్ట పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఎముకకి స్టీలు రేకు వేశారు. పైన తోలు మూసుకుంది గానీ లోపల చీము పట్టింది. మాత్రలు వేశారు, సూదులు పొడిచారు, సీసాలకి సీసాలు ఎక్కించారు. లోపలున్న బ్యాక్టీరియా ఆ మందులన్నీ అల్లుడు పిండివంటలు తిన్నట్టు తిని ఇంకాస్త ఒళ్లు చేసింది.

హాస్పిటల్లో తహ్సీన్ అని హైదరాబాదు డాక్టరు. ఆయన మొహమాటం లేకుండా ఉర్దూలో చెప్పేశాడు. మోకాలి కింద కాలు తీసెయ్యాలి, లేదా ఆఖరి ప్రయత్నంగా ఇంకొకటుంది. బ్యాక్టీరియాని చంపే వైరస్‌లుంటాయి. మురుగునీళ్లలోంచి వాటిని ఏరి, శుభ్రం చేసి, ఒంట్లోకి పంపిస్తారు. ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకుని చెయ్యాలి. ఆ సంగతి తెలుగులో వివరంగా చెప్పడానికి అల్ ఖౌద్‌లోని ల్యాబ్ నుంచి రిషిత అనే అమ్మాయి వచ్చింది. కాకినాడ పిల్ల. ఆ వైరస్‌లని పెంచేది ఆమే.

నర్సయ్య అంతా నెమ్మదిగా విన్నాడు. విని, కాలు తీసెయ్యమన్నాడు.

రిషిత ఎందుకని అడిగింది. కరోనా రోజులు గుర్తొచ్చి భయపడ్డాడేమో అనుకున్నాడు డాక్టరు. ఎన్నిసార్లడిగినా నర్సయ్య అదే మాటన్నాడు. సాయంత్రం ఇస్తారి వచ్చాడు. గల్ఫులో సగం జీవితం గడిపినవాడు కనక, నర్సయ్య మొహం చూడగానే అతని దిగులేమిటో కనిపెట్టేశాడు.

"నర్సన్నా, నీ రంది కాలుది కాదు. మెడికల్‌ది."

నర్సయ్య కళ్లు దించుకున్నాడు. అదే నిజం. అక్కడ ఉండనిచ్చే బతాకా కార్డు రెన్యువల్ దగ్గరికొచ్చింది. అప్పుడు నెత్తురు తీసి పరీక్ష చేస్తారు. నెత్తుట్లో ఏదన్నా కనపడిందా, అన్‌ఫిట్ అని ముద్రేసి విమానం ఎక్కిస్తారు. అలా పోయినవాళ్లని అతను కళ్లారా చూశాడు. కాలు పోయినా, అర్బాబ్, అంటే యజమాని, మంచివాడు, గేటు దగ్గర కుర్చీ వేసి వాచ్‌మన్‌గా కూర్చోబెడతాడు. నెత్తుట్లో వైరస్ ఉన్నవాణ్ణి మాత్రం ఎవరు ఉంచుకుంటారు? ఒక కాలిచ్చి ఉద్యోగం నిలబెట్టుకోవచ్చని, మంచం మీద పడుకుని, ఎవరితోనూ అనకుండా బేరం కుదుర్చుకున్నాడు మహానుభావుడు.

ఇస్తారి ఆ గుట్టు మోసుకెళ్లి రిషిత చెవిన వేశాడు. ఆమె నవ్వలేదు. వచ్చి మంచం పక్కన కూర్చుంది.

ఈ వైరస్‌లకి ఒక్క రకం బ్యాక్టీరియా మీదే పట్టు దొరుకుతుందనీ, దాని ఒంటిమీదే కాళ్లూని లోపలికి దిగుతాయనీ, మన కణాల మీద వాటికి ఆ పట్టు ఉండదనీ చెప్పింది. ఒక్కోసారి మన కణాలే వాటిని లోపలికి లాక్కుంటాయి గానీ, అక్కడ అవి పిల్లల్ని పెట్టలేవు. అలాగని మన ఒళ్లేమీ వాటిని హారతిచ్చి పిలవదు. ముక్కూమొహం తెలియనివాళ్లు చొరబడ్డారని కాలేయం, ప్లీహం వాటిని పట్టి మింగుతుంటాయి. అందుకే ఒక్కసారి వేసి ఊరుకోరు, మళ్లీ మళ్లీ పంపుతారు. కొన్నాళ్లకి ఒళ్లు వాటి వాలకం గుర్తుపెట్టుకుంటుంది. అప్పుడు వచ్చినవాటిని వచ్చినట్టే ఆపేస్తుంది. ఆలోపల పని పూర్తవ్వాలి.

"మెడికల్‌లో వెతికేవి మనుషులకి అంటుకునే జబ్బులండి, బాబాయ్ గారూ. వీటిని వెతకరు. తినడానికి ఆ బ్యాక్టీరియా లేకపోతే ఇవి మీ ఒంట్లో నిలవనూ లేవు."

ఇస్తారి గోడకానుకుని వింటున్నాడు. "అంటే మన లెక్కనే అన్నట్టు. ఒక్క పని మీద వచ్చుడు, పని అయిపోంగనే వాపస్."

నర్సయ్య కాలి మీది దుప్పటి పక్కకి లాగాడు. "రమ్మనుండ్రి," అన్నాడు చివరికి.

సన్నటి గొట్టంలోంచి కొంత పుండులోకి, కొంత నరంలోకి ఎక్కించారు. ఆ సాయంత్రమే చలి జ్వరం పట్టుకుంది. పళ్లు టకటకలాడుతుంటే నర్సయ్య, తన పని అయిపోయిందనీ, అవి తన ఒంటినే కొరుకుతున్నాయనీ, ఇక ఒక్క చుక్క కూడా వద్దనీ అన్నాడు. తహ్సీన్ పరుగున వచ్చి నాడి పట్టాడు, నెత్తురు పరీక్ష చేయించాడు, పక్కనే కాపలా కూర్చున్నాడు. చచ్చిన బ్యాక్టీరియా పగిలి లోపలి సరుకంతా నెత్తుట్లో పడుతోంది, దాన్ని చూసి ఒంట్లోని కాపలావాళ్లు గోల చేస్తున్నారు, ఈ జ్వరం అదే అయుండాలి అన్నాడు. అయినా బలవంతం లేదు, నీ ఇష్టం అని కూడా అన్నాడు.

అప్పుడు ఇస్తారి మొదలెట్టాడు. ఆ పురుగులు ఎక్కడివో కావు, తన ట్యాంకర్‌లోవేనట. తానే వాటిని చిన్నప్పట్నించీ సాకాడట. ఒక్కోదానికి పేరు కూడా పెట్టాడట. బండి ఎక్కేముందు వరసగా నిలబడి హాజరు పలికేవట. "నా పిల్లలు నీ కాలు కొరుకుతయా నర్సన్నా? బువ్వ పెట్టినోని దోస్తుని అవి ఎరుగవా?"

నర్సయ్య వణుకుతూనే నవ్వాడు. ఇన్నేళ్లలో ఇస్తారి కోతలకి అతను నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగాక, రెండోసారి మందు వేసేటప్పుడు తనే చెయ్యి చాపాడు.

ఆ తర్వాత జ్వరం అంత గట్టిగా రాలేదు. చీము పలచబడింది, తర్వాత తడి ఆగింది. లొంగనన్న పాత మందుకి కూడా మిగిలిన బ్యాక్టీరియా తలవంచింది. పుండు అడుగు నుంచి ఎర్రగా, ఆరోగ్యంగా పూడుకుంటూ వచ్చింది. చేతికర్ర పట్టుకుని నర్సయ్య వరండాలో నడుస్తుంటే తహ్సీన్ వెనకాలే నడిచాడు, కొడుకు తొలి అడుగులు చూసే తండ్రిలా. మెడికల్‌లో ఫిట్ అని వచ్చింది. ఊళ్లో భార్య దేవవ్వకి ఫోన్ చేసి రెండు కాళ్లూ ఉన్నయని చెప్పాడు. అసలు తీసేద్దామన్నారని ఆమెకి తెలియనే తెలియదు కనక, పిచ్చెక్కిందా అని తిట్టింది. ఆ తిట్లు కూడా అతనికి తియ్యగానే ఉన్నాయి.

అందరికీ దండం పెట్టాడు. ఒక్క దండం మాత్రం మిగిలిపోయింది. అది పెట్టడానికి ఇస్తారిని వెంటేసుకుని అల్ ఖౌద్ ల్యాబ్‌కి వెళ్లాడు.

"ఇప్పుడు నా ఒంట్లె అవి ఎన్నున్నయి బిడ్డా?" అని రిషితని అడిగాడు.

"మొన్నటి పరీక్షలో ఒక్కటీ దొరకలేదు బాబాయ్ గారూ. కొన్ని పని లేక పోయాయి, చాలావాటిని మీ ఒళ్లే మింగేసింది."

నర్సయ్య మొహం వాడిపోయింది. కాలు నిలబెట్టినవాటిని తన ఒళ్లే మింగేసిందా అని బాధపడ్డాడు. ఒళ్లు దాని డ్యూటీ అది చేసిందని రిషిత నచ్చజెప్పి, గాజు మూత ఉన్న చిన్న పళ్లెం తెచ్చింది. దానినిండా మసక పొర. అది అతని కాలిలోంచి తీసిన బ్యాక్టీరియా. ఆ పొరలో అక్కడక్కడ ఆవగింజంత గుండ్రాలు, అద్దంలా తేటగా ఉన్నాయి. వైరస్‌లు కంటికి కనపడవు, ఈ తేట గుండ్రాలు మాత్రం అవి బ్యాక్టీరియాని తినేసిన చోట్లు అని చెప్పింది.

అతను కర్ర గోడకి ఆనించి, పళ్లెం మీదికి వంగాడు. రిషిత స్టూలు జరిపి కూర్చోమంది.

"వద్దు బిడ్డా, నిలవడే సూస్త," అన్నాడు నర్సయ్య. రెండు పాదాలూ నేల మీద సమంగా ఆనించి, రెండు చేతులూ జోడించాడు.