ముల్లు లేని చేప

వెర్నన్ హాక్‌స్టాడ్ కోసిన పైక్ చేపలో ముల్లు ఉండదని మా సరస్సు చుట్టూ అందరికీ తెలుసు. పైక్‌లో వెన్నెముకకి పైన ఇంకో వరస ముళ్ళుంటాయి, పంగల కర్రలా చీలి. అందుకే చాలామంది దాన్ని పట్టినా నీళ్ళలోకి వదిలేస్తారు. వెర్నన్ వదలడు. ఆ వరసంతా కత్తితో లేపేసి, ప్రతి ముక్క మీదా బొటనవేలు రాసి చూసుకుంటాడు.

ఆ శనివారం ఆయన కూతురు మారిట్ భర్తను తీసుకుని వచ్చింది. పేరు డెల్, అరిజోనా ఎడారి రాష్ట్రం వాడు. సరస్సు దగ్గర అతనికి అది మొదటి వేసవి. పక్క కాటేజీ నాది కాబట్టి నన్నూ పిలిచారు.

వెర్నన్ చేప కాల్చే గ్యాస్ గ్రిల్ వెలిగించి, ఊచలు కాగాక మూత తీసి, వైరు బ్రష్‌తో తోమడం మొదలుపెట్టాడు. పిడి కాలి నల్లబడింది. ఒక మూల వైర్లు ఊడిపోయి చెక్క కనిపిస్తోంది.

"దాన్ని ఈ ఏడాదైనా పారెయ్యి వెర్న్," అంది ఆయన భార్య ఆర్డిస్, మొక్కజొన్న పొత్తులు వలుస్తూ. "క్రిస్మస్‌కి కొన్న కొత్తది షెడ్‌లోనే ఉంది. కవరు కూడా విప్పలేదు."

"దీనికేమైంది?"

"మన పెళ్ళి కన్నా పాతది."

"మన పెళ్ళీ నిలబడింది, ఇదీ నిలబడింది," అన్నాడు వెర్నన్. బ్రష్‌ని మేకుకి తగిలించి, చేప ముక్కలు ఊచల మీద పరిచాడు.

బల్ల దగ్గర కూర్చున్నాక డెల్ మెల్లగా తినసాగాడు. ప్రతి ముక్కనూ నోట్లో అటూ ఇటూ తిప్పి గాని మింగడం లేదు. వెర్నన్ కాసేపు చూశాడు.

"ఏం వెతుకుతున్నావ్?"

"ఏం లేదండీ. నములుతున్నాను."

"నమలడమా అది? పోలీసులు సోదా చేసినట్టుంది."

మారిట్ నవ్వింది. "ఎడారి మనిషి నాన్నా. చేపంటే డబ్బాలోంచి వస్తుందనుకుంటాడు."

"నా చేపలో ముల్లుండదు బాబూ. ధైర్యంగా తిను."

డెల్ తలూపి, ఈసారి పెద్ద ముక్క నోట్లో పెట్టుకుని గబగబా మింగాడు. మింగినవాడు ఫోర్కు కింద పెట్టేశాడు. నీళ్ళు తాగాడు. గ్లాసు దించి మెడ పట్టుకున్నాడు.

"ఏమైంది?" అంది మారిట్.

"ఏం కాలేదు."

"డెల్."

"ఏదో గుచ్చుకుంది. పోతుందిలే."

ఆర్డిస్ వెర్నన్ వైపు తిరిగింది. "నలభై ఏళ్ళకి ఒకటి తప్పించుకుంది. ఒప్పుకో."

వెర్నన్ డెల్ మెడ వైపే చూస్తున్నాడు.

ముల్లు గుచ్చుకుంటే మా వైపు ఎవరూ డాక్టర్ని అడగరు. మెత్తటి రొట్టె ముక్క పిసికి ఉండ చేసి, నమలకుండా మింగిస్తారు. రొట్టెతోపాటు ముల్లూ దిగిపోతుంది. శుక్రవారం శుక్రవారం చేప తినే ఇళ్ళలో పిల్లలకి మాటలు రాకముందే ఇది తెలుస్తుంది. మారిట్ అప్పటికే ఉండ చేసింది. డెల్ మింగాడు. మింగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దిగిందా?"

"కొంచెం," అన్నాడు. ఆ తరువాత ఉమ్మి మింగబోయి ఆగిపోయాడు. కాగితం రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తీసి చూస్తే దాని మీద ఎర్రటి చార ఉంది.

మారిట్ ఇంకో ముక్క పిసకడం మొదలుపెట్టింది.

"ముల్లు కాదు," అన్నాడు వెర్నన్.

"నాన్నా, నీ చేప పరువు సంగతి తర్వాత చూద్దాం."

"పరువు గురించి కాదు."

ఆయన డెల్ పళ్ళెం లాక్కుని మిగిలిన ముక్క మీద బొటనవేలు రాశాడు, పైనుంచి కిందిదాకా. తిరగేసి మళ్ళీ రాశాడు. తల ఎత్తినప్పుడు ఆయన చూపు మేకుకి వేలాడుతున్న బ్రష్ మీద ఆగింది. లేచి గ్రిల్ దగ్గరికి వెళ్ళాడు. గుడ్డ తడిపి, పటకారుతో పట్టుకుని, వేడి ఊచల మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తుడిచాడు. గుడ్డని వెలుతురుకి ఎత్తి చూశాడు.

బల్ల దగ్గర మారిట్ రెండో ఉండని డెల్ చేతిలో పెట్టింది. అతను నోరు తెరిచాడు.

"మింగకు," అన్నాడు వెర్నన్. గట్టిగా అరవలేదు. డెల్ చెయ్యి దించాడు.

వెర్నన్ వచ్చి గుడ్డని బల్ల మీద పరిచాడు. మసిలో ఒక వైరు ముక్క అంటుకుని ఉంది, కనురెప్ప వెంట్రుకంత. రెండు వైపులా మొన.

"నా బ్రష్‌ది," అన్నాడు. "ఇలాంటిదే ఇంకోటి వాడి గొంతులో ఉంది. ఇంకేమీ మింగనివ్వకండి. నీళ్ళు కూడా వద్దు."

ఆర్డిస్ సిలిండర్ కట్టేసి ఫోన్ తీసింది. అంబులెన్సు దూరాన కౌంటీ పట్నం నుంచి రావాలి. ఊపిరి బాగా ఆడుతుంటే కారులో ఎదురు రమ్మన్నారు. ఏ కొంచెం ఆడకపోయినా అక్కడే ఆపి మళ్ళీ ఫోన్ చేయమన్నారు. వెర్నన్ కారు తాళాలు తీసి నా వైపు చాచాడు. నేను తీసుకున్నాను.

డెల్ నా పక్కన నిటారుగా కూర్చున్నాడు, ఒళ్ళో కాగితం కప్పు. ఉమ్మి వచ్చినప్పుడల్లా అందులోకి వదులుతున్నాడు. వెనక సీట్లో తండ్రీ కూతురూ. వెర్నన్ చేతిలో మడత పెట్టిన గుడ్డ ఉంది.

పైన్ చెట్ల మధ్య రోడ్డు ఇరుకు. ముందు పడవని లాక్కుంటూ ఒక ట్రక్కు పోతోంది. దాటడానికి లేదు. హారన్ కొట్టాను. ట్రక్కువాడు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఊపాడు, తెలిసినవాళ్ళమనుకుని. మళ్ళీ కొట్టాను, లైట్లు వేశాను. డెల్ దగ్గాడు. దగ్గుతూ డాష్‌బోర్డు పట్టుకున్నాడు.

"దగ్గకు," అంది మారిట్. "వీలైతే దగ్గకు. ఊపిరి ఆడుతోందా? మాట్లాడొద్దు, వేలు చూపించు."

అతను బొటనవేలు ఎత్తాడు. ట్రక్కు పక్కకి తప్పుకుంది.

కొంతదూరం పోయాక మారిట్ అంది, "ఇంకోటి మింగించేదాన్ని నేనే."

"మొదటిది వాడు మింగుతుంటే చూస్తూ కూర్చున్నాను," అన్నాడు వెర్నన్. "ముల్లు కాదని నాకప్పటికే తెలుసు. కాదంటే మరేమిటని అడుగుతారుగా. అందుకే నోరు మూసుకున్నాను."

డెల్ ముందు సీటులోంచి తల తిప్పకుండానే బొటనవేలు మళ్ళీ ఎత్తాడు. దాన్ని దించకుండా అలాగే ఉంచాడు, ఎదురుగా అంబులెన్సు దీపాలు కనిపించేదాకా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గుడ్డ మీది వైరు చూసి, ఇంకేమీ అడగకుండా డెల్‌ని స్కానింగ్‌కి పంపింది. వచ్చి తెర మీద చూపించింది. గొంతు దిగువన సన్నటి తెల్ల గీత, అడ్డంగా.

"రొట్టె కొంచెం కిందికి నెట్టింది," అంది. "ఇంకా గొంతు గోడలోంచి బయటికి పోలేదు. మత్తిచ్చి గొట్టంతో తీస్తాం."

"రెండోది కూడా మింగి ఉంటే?" అని అడిగాడు వెర్నన్.

"చెప్పలేను," అందావిడ. "మింగలేదు కదా."

వెర్నన్ కూర్చోలేదు. డెల్‌ని లోపలికి తీసుకెళ్ళిన తలుపు దగ్గరే నిలబడ్డాడు. నర్సు రెండుసార్లు కుర్చీ చూపించింది. మారిట్ కాఫీ తెచ్చి ఇస్తే పట్టుకున్నాడు గాని తాగలేదు. తలుపు తెరుచుకున్నప్పుడు డాక్టరమ్మ చేతిలో చిన్న సీసా ఉంది. సీసా అడుగున వైరు.

మమ్మల్ని లోపలికి రమ్మన్నారు. డెల్ కళ్ళు తెరిచి ఉన్నాడు. మారిట్ అతని చెయ్యి పట్టుకుని మంచం అంచున కూర్చుంది. వెర్నన్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

డెల్ ఆయన కోసం చూశాడు. గొంతు బొంగురుపోయింది.

"ముల్లు లేదు వెర్న్," అన్నాడు.

వెర్నన్ టోపీ తీసి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"తెలుసు," అన్నాడు.